సీసా ముందు ‘సల్ఫేట్ రహితం’, వెనుక సల్ఫేట్: షాంపూ కంపెనీపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. నాది ఉంగరాల జుట్టు, త్వరగా పొడిబారుతుంది. ఈ ఏడాది మార్చిలో ‘సల్ఫేట్ రహితం, ఉంగరాల జుట్టుకు ప్రత్యేకం, బాదం నూనెతో’ అని రాసి ఉన్న షాంపూను ఆన్‌లైన్‌లో రూ.549 పెట్టి కొన్నాను. నెల రోజులు వాడేసరికి జుట్టు పీచులా తయారైంది, మాడు మీద దురద మొదలైంది. సీసా వెనుక చదివితే నీళ్ల తర్వాత రెండో పేరే ‘సోడియం కోకో సల్ఫేట్’ అని ఉంది. కంపెనీని అడిగితే ‘అది కొబ్బరి నుంచి తీసినది, పైగా వాడిన వస్తువును వాపసు తీసుకోము’ అన్నారు. కేసు వేయవచ్చా? మా అమ్మ వాడే రెండు రూపాయల ప్యాకెట్ మీద అసలు పదార్థాల జాబితాయే లేదు. అది నేరం కాదా?

సమాధానం: మీరు కేసు వేయవచ్చు. అయితే మీ ఫిర్యాదులో నాలుగు వేర్వేరు ఆరోపణలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా ఒకే కాగితం మీద పెడితే, బలహీనమైన వాటిని పట్టుకుని బలమైన దాన్ని కూడా కొట్టివేయించడానికి ఎదుటి పక్షానికి అవకాశం ఇచ్చినవారవుతారు.

మీ చేతిలో ఉన్న బలమైన అంశం ‘సల్ఫేట్ రహితం’ అన్న మాట. సోడియం కోకో సల్ఫేట్‌ను కొబ్బరి నూనె నుంచి వచ్చే పదార్థాలతో తయారు చేస్తారన్నది నిజమే కానీ, తయారయ్యాక అది సల్ఫేటే, అంటే మురికినీ నూనెనూ గట్టిగా వదలగొట్టే రసాయనమే. అందులో అధిక భాగం మనం సాధారణంగా వద్దనుకునే సోడియం లారిల్ సల్ఫేటే ఉంటుంది. ముడిసరుకు చెట్టు నుంచి వచ్చిందా, కర్మాగారం నుంచి వచ్చిందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. సీసా మీద లేదన్నది సీసాలో ఉందా అన్నదే ప్రశ్న. లేబుల్ మీద ఏ చిన్న విషయంలోనైనా అబద్ధపు లేదా తప్పుదోవ పట్టించే ప్రకటన ఉంటే ఆ సరుకును తప్పుడు లేబుల్ ఉన్న సౌందర్య సాధనంగా పరిగణించాలని ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1940లోని 17సీ సెక్షన్ చెబుతోంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అదే పని తప్పుదోవ పట్టించే ప్రకటనగానూ, అనుచిత వ్యాపార పద్ధతిగానూ లెక్కకు వస్తుంది. దీన్ని నిరూపించడానికి మీకు ప్రయోగశాల నివేదిక కూడా అవసరం లేదు, ఎందుకంటే కంపెనీ తన చేత్తో అచ్చు వేసిన జాబితాయే దాని ముందువైపు రాతను ఖండిస్తోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీ సీసాపై ‘సోడియం సీ14-16 ఓలెఫిన్ సల్ఫోనేట్’ అని ఉండి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది. సల్ఫోనేట్ వేరు, సల్ఫేట్ వేరు. అది కూడా మురికినీ నూనెనూ గట్టిగానే వదలగొట్టి, పొడి జుట్టును మరింత పొడిబార్చగలదు, అయినా ‘సల్ఫేట్ రహితం’ అన్న మాట అక్షరాలా నిజమే అవుతుంది. అలాంటి సీసాలతో నా దగ్గరకు వచ్చేవారిని ఆ ఒక్క కారణంతో కేసు వేయవద్దనే చెబుతాను.

‘ఉంగరాల జుట్టుకు ప్రత్యేకం’ అన్న మాట మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఉంగరాల జుట్టు, పొడి జుట్టు, జిడ్డు జుట్టు అన్న మాటలకు 1940 చట్టంలో గానీ, సౌందర్య సాధనాల నియమావళి, 2020లో గానీ నిర్వచనం లేదు. అందువల్ల నా జుట్టుకు పడలేదన్న వాదన ఒక్కటే వినియోగదారుల కమిషన్ ముందు నిలవడం కష్టం.

బాదం నూనె సంగతి జాబితాలోని వరుసను బట్టి తేలుతుంది. ఒక శాతానికి మించి కలిపిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి, ఒక శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ క్రమంలోనైనా రాయవచ్చు. నిల్వ కోసం వాడే ఫినాక్సీ ఇథనాల్‌ను ఒక శాతం దాటనివ్వరు కాబట్టి, దాని పేరు తర్వాత బాదం నూనె కనిపిస్తే అది ఒక శాతం కూడా మించలేదని అర్థం. అయితే ఎంత నూనె ఉందో సీసా ముందు చెప్పలేదు కాబట్టి, కొద్దిగా ఉండటం అబద్ధం కాదు. ఈసారి కొనేటప్పుడు ముందువైపు బొమ్మను వదిలేసి వెనుక మొదటి అయిదారు పేర్లు చదవండి. పొడిబారే జుట్టుకు కోకామిడోప్రొపిల్ బీటైన్, కోకో గ్లూకోసైడ్ వంటి మృదువైన పదార్థాలు ముందు వరుసలో ఉన్నవి సాధారణంగా నప్పుతాయి. జిడ్డు మాడుకు మాత్రం సల్ఫేట్ ఉన్నంత మాత్రాన దోషమేమీ లేదు.

దురద విషయానికి వస్తే, వస్తువు వల్ల కలిగిన హానికి 2019 చట్టం తయారీదారును బాధ్యుణ్ని చేస్తుంది కానీ, హాని ఆ షాంపూ వల్లనే కలిగిందని చూపే భారం మీ మీద ఉంటుంది. చర్మవైద్యుడిని కలిసి, ఆ చీటీలో షాంపూ పేరు, వాడకం మొదలుపెట్టిన తేదీ రాయించుకోండి. అవసరమైతే ప్యాచ్ పరీక్ష (పదార్థాన్ని కొద్దిగా చర్మంపై పెట్టి అలర్జీ వస్తుందేమో చూడటం) చేయించుకోండి. వైద్య పత్రం లేకపోతే ఈ ఆరోపణను ఫిర్యాదులో చేర్చకపోవడమే మంచిది.

వాడిన వస్తువును వాపసు తీసుకోబోమన్న కంపెనీ నిబంధన చట్టాన్ని మించినది కాదు. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదని ఈ-కామర్స్ నిబంధనలు, 2020 చెబుతున్నాయి. అమ్మిన వేదిక ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. 48 గంటల్లో అందినట్టు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. దానితోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి నమోదు చేయించండి, చాలా ఫిర్యాదులు అక్కడే సర్దుబాటవుతాయి. ఈలోగా ఆన్‌లైన్ పేజీని తేదీ కనిపించేలా ఫొటో తీసి ఉంచుకోండి, ఎందుకంటే నోటీసు అందిన మరుసటి రోజే ఆ పేజీలో మాటలు మారిపోవడం కొత్తేమీ కాదు. ఇన్‌వాయిస్, సీసా, అట్టపెట్టె పారేయవద్దు.

సర్దుబాటు కాకపోతే కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఎక్కడున్నా మీరు నివసించే చోట వేసే హక్కు మీకుంది. మీరు చెల్లించిన ధర అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. ధర వాపసు, ఖర్చులు, ఓ మోస్తరు పరిహారం, ఆ ప్రకటన నిలిపివేత కోరవచ్చు. లక్షలు వస్తాయని మాత్రం అనుకోవద్దు. ప్రయోగశాల పరీక్ష అక్కరలేని ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. తప్పుడు ప్రకటన మీద చర్య కోరుతూ జిల్లా కలెక్టరుకు కూడా విడిగా అర్జీ పెట్టవచ్చు. అలాంటి ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి పది లక్షల రూపాయల వరకు జరిమానా విధించగలదు.

మీ అమ్మగారి ప్యాకెట్ విషయంలో నేరమేమీ లేదు. 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాల ప్యాకింగ్‌పై పదార్థాల జాబితా లేకపోయినా నియమాలు ఒప్పుకుంటాయి. రోజూ కోట్ల మంది కొనేది ఆ చిన్న ప్యాకెట్లే అయినా ఈ మినహాయింపు కొనసాగడం నాకు సమంజసంగా తోచదు. అదే బ్రాండ్ పెద్ద సీసా చదివి చూడవచ్చు, కానీ రెండింటిలోనూ ఒకే మిశ్రమం ఉంటుందన్న హామీ లేదు. ఆమెకు ఏదైనా అనుమానం ఉంటే, కొన్న సరుకును రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్షింపజేసుకునే హక్కును 1940 చట్టంలోని 26వ సెక్షన్ ఎవరికైనా ఇస్తుంది. అలా పంపేటప్పుడు మూత తీసినది కాకుండా సీలు విప్పనిది పంపాలి, లేకపోతే మధ్యలో ఏదో కలిపారన్న వాదన వస్తుంది.

కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నంత మాత్రాన ఆ గడువు ఆగదు కనుక, మీరు కొన్న మార్చి నెల నుంచే లెక్క వేసుకోండి.