పాత కన్సోల్‌లో కొత్త గేమ్: పూర్తి ధర పెట్టి కొనాలా?

ప్రశ్న: నా వయసు 27. హనుమకొండలో ఉద్యోగం, జీతం చేతికి 38,000 వస్తుంది. 2018లో కొన్న పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) ఉంది. పెద్ద గేమ్ ఏది వచ్చినా విడుదల రోజే క్రెడిట్ కార్డు మీద కొంటాను. ఒక్కోటి 3,500 నుంచి 4,000 అవుతుంది. ఈ మధ్య కొన్నవి మసకమసకగా కనిపిస్తున్నాయి, ఆడుతుంటే మధ్యలో ఆగిపోతున్నాయి. కార్డు మీద 22,000 బాకీ ఉంది, మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నాను. గేమ్‌లు, కార్డు కాకుండా మిగతా ఖర్చులు పోను నెలకు 6,000 మిగులుతుంది. పీఎస్5ను ఈఎంఐలో తీసుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. షాపులో 55,000 చెప్పారు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోండి, కానీ ఇప్పుడు కాదు, ఈఎంఐలో అసలే కాదు. అంతకంటే ముందు ఆపాల్సింది, విడుదల రోజే గేమ్ కొనే అలవాటు.

మీ పీఎస్4 పాడైపోలేదు. మీరు కొన్నది 2018లోనే అయినా, ఆ మెషీన్ డిజైన్ 2013 నాటిది. అందులో ఉన్నది మామూలు హార్డ్ డిస్క్. పీఎస్5లో ఉన్నది దానికి ఎన్నో రెట్లు వేగంగా డేటా అందించే ఎస్ఎస్‌డీ. కొత్త మెషీన్‌ను మనసులో పెట్టుకొని తయారుచేసిన గేమ్‌ను పాతదాంట్లోకి దించాలంటే రిజల్యూషన్ తగ్గించాలి, వీధుల్లో జనాన్ని తగ్గించాలి, ఒక్కోసారి గేమ్‌లో ఒక భాగాన్నే తీసేయాలి. 2015లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 3’ పీఎస్3కి వచ్చినప్పుడు అందులో కథ నడిచే క్యాంపెయిన్ మొత్తం లేదు. అమెరికాలో ధర మాత్రం 10 డాలర్లే తగ్గించారు. నింటెండో స్విచ్ అనే మరో కన్సోల్‌లో ఫుట్‌బాల్ గేమ్ ఫిఫాను 20 నుంచి 23 వరకు ‘లెగసీ ఎడిషన్’ పేరుతో అమ్మారు. జట్లు, జెర్సీలు మారాయి, ఆట పాతదే.

డబ్బు విషయంలో మీరు బాగా గుర్తుంచుకోవాల్సింది ‘సైబర్‌పంక్ 2077’ సంగతి. 2020 డిసెంబర్ 10న విడుదలైంది. ముందుగా రివ్యూలకు ఇచ్చింది పీసీ కాపీలు మాత్రమే. మామూలు పీఎస్4లో ఎలా ఉంటుందో కొనేవాళ్లు చూడనేలేదు. తీరా చూస్తే గేమ్ తడబడుతోంది, క్రాష్ అవుతోంది. పాత కన్సోళ్లలో ముందే చూపించనందుకు కంపెనీ క్షమాపణ చెప్పింది. వారం తిరిగేసరికి సోనీ ఆ గేమ్‌ను తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇస్తామంది. 2021 జూన్‌లో మళ్లీ పెట్టారు, అప్‌డేట్లతో కొంత మెరుగుపడింది కూడా. కానీ దానికి కొనసాగింపు కథగా 2023లో వచ్చిన ‘ఫాంటమ్ లిబర్టీ’ పీఎస్4కి రాలేదు.

అలా వాపసు దొరకడం చాలా అరుదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న గేమ్‌ను 14 రోజుల్లోపు వెనక్కి ఇవ్వొచ్చు గానీ, డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే మామూలుగా ఆ అవకాశం పోయినట్టే. డౌన్‌లోడ్ చేయకుండా ఎలా ఉందో తెలీదు. అందుకే విడుదలయ్యాక రెండు వారాలు ఆగండి. యూట్యూబ్‌లో మీ మోడల్ పీఎస్4 మీద ఆడిన వీడియో చూడండి. ఇంకా శక్తిమంతమైన మోడల్ పీఎస్4 ప్రో వీడియో చూసి కొనకండి. పాత మెషీన్‌కి వచ్చినవన్నీ చెడ్డవని నేను అనను. 2022లో వచ్చిన ‘హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్’ పీఎస్4లోనూ చక్కగా నడిచింది, పైగా ఆ కాపీకి పీఎస్5 అప్‌గ్రేడ్ ఉచితం. అలాంటిది దొరికితే ఆ డబ్బు వృథా కాదు.

ఇక కార్డు. నన్ను నిజంగా కలవరపెట్టింది ఇదే. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 22,000 మీద 770, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 909 రూపాయలు. నాలుగు నెలల వడ్డీతో ఒక కొత్త గేమ్ వచ్చేది. ఇంకో విషయం చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా కట్టకుండా కొనసాగిస్తున్నంత కాలం, కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. మీరు గీకిన 4,000కి ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది.

దీని మీద ఈఎంఐ కూడా పెట్టుకుంటే? 16 శాతం వడ్డీతో 12 నెలలకు తీసుకుంటే నెలకు దాదాపు 5,000. వడ్డీయే 4,900 దాకా, దాని మీద జీఎస్టీ ఇంకో 880, ప్రాసెసింగ్ ఫీజు వేరే. మీకు మిగిలే 6,000లో కార్డు బాకీకి ఏం మిగులుతుంది? ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా, వడ్డీని డిస్కౌంట్ రూపంలో తగ్గిస్తారు గానీ ఆ వడ్డీ మీద జీఎస్టీ మీరే కట్టాలి. చాలాసార్లు ఫీజు కూడా ఉంటుంది.

ఈ నెల నుంచి కార్డు వాడకం ఆపేసి 6,000 మొత్తం బాకీకే కట్టండి. నాలుగు నెలల్లో దాదాపు తీరిపోతుంది, మూడు నాలుగు వందలు మిగిలితే ఐదో నెల కట్టేయండి. ఆ తర్వాత అదే 6,000తో బ్యాంకులో తొమ్మిది నెలల ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేయండి. అసలు 54,000, వడ్డీతో కలిపి 55,000 దాటుతుంది. అంటే మొత్తం ఏడాది పైన ఒకటి రెండు నెలలు. అర్జెంటు అవసరాల కోసం పక్కన పెట్టిన డబ్బు ఏదైనా ఉంటే దీనికోసం ముట్టుకోకండి.

ఈ ఏడాది ఏమీ ఆడకూడదని కాదు. పీఎస్4 కోసమే తయారైన మంచి గేమ్‌లు సెకండ్ హ్యాండ్ డిస్కులుగా తక్కువకే దొరుకుతున్నాయి. ‘బ్లడ్‌బోర్న్’, 2018 నాటి ‘గాడ్ ఆఫ్ వార్’ మీ మెషీన్‌లో ఏ కోతా లేకుండా, వాటిని తయారుచేసినవాళ్లు అనుకున్నట్టే నడుస్తాయి. ఆడేశాక డిస్కు తిరిగి అమ్ముకోవచ్చు. ఆర్‌డీ తెగకుండా ఉండాలంటే వీటికి నెలకు 500 మించకుండా, తిండీ తిరుగుళ్ల ఖర్చులోంచి సర్దుకోండి.

పీఎస్5 కొనే రోజు వచ్చాక డిస్క్ డ్రైవ్ ఉన్న మోడలే అడగండి. పీఎస్4 గేమ్‌లలో దాదాపు అన్నీ పీఎస్5లో నడుస్తాయి, కానీ డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్‌లో మీ పాత డిస్కులు పనిచేయవు. డిస్కు మీద వచ్చే ఉచిత అప్‌గ్రేడ్లు కూడా దక్కవు.