ఎన్నారై సందేహాలు: లండన్ శివారులో ఇల్లు కొన్నాం, ముందుభాగం మార్చుకోవచ్చా?

హారో, పిన్నర్, వెంబ్లీ, రేనర్స్ లేన్ వైపు ఇల్లు కొన్న మనవాళ్ళు తాళాలు చేతికి రాగానే అడిగేవి దాదాపు ఇవే. ముందున్న మొక్కలు తీసేసి రెండు కార్లకు చోటు చేసుకోవచ్చా? ప్రహరీ కట్టి ఇనప గేటు పెట్టవచ్చా? గుమ్మం తూర్పుకి తిప్పవచ్చా? అటకని గదిగా మార్చవచ్చా? కొన్నిటికి అవును, కొన్నిటికి కాదు. బిల్డర్ని పిలిచే ముందు ఒకసారి రోడ్డుకి అవతల నిలబడి మీ ఇంటినీ, పక్క ఇంటినీ కలిపి చూడండి.

ఈ ప్రాంతాల్లోని భూములకు మెట్రోపాలిటన్ రైల్వే 1915లో ‘మెట్రోల్యాండ్’ అని పేరు పెట్టి ప్రచారం చేసింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో లైను వెంబడి వేల ఇళ్ళు లేచాయి. ఎక్కువ భాగం జంట ఇళ్ళు, అంటే మధ్య గోడ ఒకటే ఉన్న రెండు ఇళ్ళు (సెమీ డిటాచ్డ్). రెండంతస్తులకూ ముందుకు పొంగిన బే కిటికీ, పక్కకి కూడా వాలు దిగే హిప్ కప్పు, ఎర్ర మట్టి పెంకులు, కింద ఇటుక, పైన గులకరాళ్ళ పూత, కొన్నిటికి నల్లటి చెక్క పట్టీలు, జంటకీ జంటకీ మధ్య ఆకాశం కనబడే సందు, ముందు మోకాలెత్తు గోడ, దాని వెనక కంచె మొక్కలు. రెండు ఇళ్ళూ కలిస్తేనే ఒక బొమ్మ. కౌన్సిల్ కాగితాల్లో ‘క్యారెక్టర్’ అని కనిపించేది దీన్నే. మీరు కొన్నది అందులో సగం.

ఇక్కడ చెప్పే కొలతలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్ నిబంధనలు వేరు. పైగా ఇవి ఇళ్ళకే, ఫ్లాట్లకు కావు. మీ వీధి కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపం కాపాడాలని కౌన్సిల్ గుర్తించిన ప్రాంతంలో) ఉందేమో, దాని మీద ఆర్టికల్ 4 ఉత్తర్వు (అనుమతి లేకుండా మార్పులు చేసుకునే వీలుని తీసేసేది) ఉందేమో కౌన్సిల్ మ్యాపులో ముందే చూసుకోండి. ఉంటే ఇక్కడ ‘అనుమతి అక్కర్లేదు’ అన్నవాటిలో కొన్నిటికి అనుమతి కావాలి.

ముందు స్థలం దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. నీరు ఇంకని పేవింగ్ 5 చదరపు మీటర్లు దాటితే 2008 అక్టోబరు 1 నుంచి ప్లానింగ్ అనుమతి కావాలి. నీరు ఇంకే రకం వేసినా, వాననీరు మీ స్థలంలోని మొక్కల మడిలోకి పోయేలా వాలు పెట్టినా అక్కర్లేదు. అయితే ‘పర్మియబుల్’ బ్లాకులు కొన్నంత మాత్రాన సరిపోదు. వాటి కింద బిల్డరు అలవాటు కొద్దీ ఎమ్‌వోటీ టైప్ 1 కంకర పరిచి దిమ్మిస్తాడు. అందులోని సన్నపొడి గట్టిపడి నీటిని ఆపేస్తుంది. సన్నపొడి లేని 4 నుంచి 20 మిల్లీమీటర్ల కంకర కావాలని, బ్లాకుల సందుల్లో ఇసుకకు బదులు సన్న గ్రిట్ నింపాలని కొటేషన్లోనే రాయించుకోండి. ఇంకుడు గుంత తవ్వితే ఇంటికి కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి. ఈ వైపు చాలాచోట్ల కింద లండన్ బంకమట్టి ఉంటుంది, నీరు తేలిగ్గా ఇంకదు. అందుకే గుంత కన్నా మొక్కల మడి నమ్మకం.

ఎత్తు ఇంకా ముఖ్యం. గోడలో నేల దగ్గర కనిపించే చెమ్మ నిరోధక పొరకి కనీసం 150 మిల్లీమీటర్లు దిగువనే పేవింగ్ ఆగాలి. పాత కాంక్రీటు తీయకుండా దాని మీదే కొత్తది పరిస్తే ఆ ఎడం పోతుంది, వానచినుకులు చింది బే కిటికీ కింద గోడ లోపల చెమ్మ ఎక్కుతుంది. 1930ల ఇళ్ళలో చాలావాటికి కింద చెక్క నేల ఉంటుంది, దానికి గాలి అందేది గోడ అడుగున ఉన్న చిల్లుల ఇటుకల నుంచే. పేవింగ్ వాటిని మూసేస్తే కొన్నేళ్ళకి దూలాలు పుచ్చిపోతాయి. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మాత్రం బయట వేయించకండి. వానకీ మంచుకీ జారతాయి. పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చి ఉండే ఇళ్ళలో ఇది నిజంగా ప్రమాదం.

కారు లోపలికి రావాలంటే ఫుట్‌పాత్ అంచు దించాలి. దానికి కౌన్సిల్ రోడ్ల విభాగం అనుమతి వేరే. కారు మొత్తం మీ హద్దులోనే పట్టాలి, సాధారణంగా 4.8 మీటర్ల లోతు అడుగుతారు. ఎదురుగా చెట్టు గానీ దీపస్తంభం గానీ ఉంటే కాదనవచ్చు. కాబట్టి ఈ అనుమతి చేతికొచ్చాకే మొక్కలు తీయండి. రోడ్డు పక్క గోడ, గేటు 1 మీటరు దాటితే ప్లానింగ్ అనుమతి కావాలి. గేటు లోపలికే తెరుచుకోవాలి. హైదరాబాదులో ఆరడుగుల ప్రహరీ ఇంటికి నిండుదనం, ఇక్కడ మాత్రం వీధి వరస మొత్తాన్ని తెంచేస్తుంది. ముగ్గుకి గడప ముందు గజం స్థలం, తులసికి ఎండ పడే మూల వదిలి, అంచున ప్రివెట్ కంచె ఉంచితే ఇల్లూ వీధీ రెండూ బాగుంటాయి.

గుమ్మం సంగతి. హాలు తలుపుని గోడలో మరో చోటికి మారిస్తే జంట బొమ్మ చెదురుతుంది, పాత ఖాళీ పూడ్చిన మచ్చ ఎప్పటికీ కనిపిస్తుంది. దానికన్నా చిన్న పోర్చ్ కట్టి, బయటి తలుపుని దాని పక్కగోడలో మీకు కావలసిన దిక్కుకి పెట్టుకోండి. బయటి కొలతన 3 చదరపు మీటర్లు, 3 మీటర్ల ఎత్తు మించకుండా, రోడ్డు హద్దుకి 2 మీటర్లు ఎడంగా ఉంటే ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. లోపలి పాత తలుపు మాత్రం తీయకండి. అది తీస్తే బిల్డింగ్ రెగ్యులేషన్స్ (కట్టడం ఎలా ఉండాలో చెప్పే నిబంధనలు) నుంచి పోర్చ్‌కి ఉన్న మినహాయింపు పోతుంది.

కప్పుకి జంట ఇళ్ళకు 50 ఘనపు మీటర్ల వరకు పెంపు అనుమతి లేకుండానే కుదురుతుంది, పాత యజమాని పెంచింది కూడా అందులోకే వస్తుంది. రోడ్డు వైపు వాలు మీద మాత్రం డార్మర్ (కప్పు వాలు నుంచి బయటికి పొడుచుకొచ్చే కిటికీ భాగం) అనుమతి లేకుండా కుదరదు. చాలామంది హిప్ తీసి పక్కగోడని నిలువుగా పైకి లేపుతారు. చట్టం ఒప్పుకున్నా, జంటలో ఒకవైపు వాలు, ఇంకోవైపు నిట్టగోడ అవుతుంది. అవసరమైన గది వెనక డార్మర్‌తోనే వస్తే హిప్‌ని అలాగే ఉంచమంటాం. పక్కన రెండంతస్తుల పెంపుకి ఎప్పుడైనా అనుమతి కావాలి. పై అంతస్తు ముందు గోడని 1 మీటరు వెనక్కి జరపమని, కొత్త కప్పు పాతదాని కన్నా తగ్గి హిప్‌గానే ఉండాలని కౌన్సిళ్ళ డిజైన్ గైడ్లు తరచూ అడుగుతాయి. ఇరుగూపొరుగూ హద్దు దాకా కట్టేస్తే సందులు పూడిపోయి జంట ఇళ్ళ వీధి వరస ఇళ్ళ వీధిలా మారుతుందని వాళ్ళ భయం.

ఇటుక దగ్గర ఒక చిన్న సంగతి. పాత ఇటుక ఎత్తు సుమారు 68 మిల్లీమీటర్లు, ఇప్పటిది 65. వరసలు కలవవు. ఇంపీరియల్ సైజు ఇటుకలు ఇప్పటికీ తయారవుతున్నాయి, అవే అడగండి. వెనక వాలు నుంచి దించిన పాత పెంకుల్లో మంచివి ఏరి ముందువైపు వాడి, కొత్తవి వెనక్కి వేయిస్తే తేడా కనబడదు.

కౌన్సిల్ ఒప్పుకున్నా దస్తావేజు ఒప్పుకోకపోవచ్చు. ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లకి మీ టైటిల్ రిజిస్టర్ వస్తుంది. అందులో ఛార్జెస్ భాగం చదవండి. గోడలు కట్టరాదు, ప్లాన్లు ఎస్టేటుకి చూపాలి లాంటి షరతులు అక్కడుంటాయి. 1907లో హెన్రియెట్టా బార్నెట్ మొదలుపెట్టిన హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్‌లోనైతే బయటి మార్పులకు కౌన్సిల్‌తో పాటు ఆ సబర్బ్ ట్రస్టు అనుమతి కూడా తప్పదు. కొత్త ఎస్టేట్లలో ముందు కంచె వేయడం, గ్యారేజీని గదిగా మార్చడం లాంటివి ప్లానింగ్ షరతుల్లోనో అమ్మకపు దస్తావేజులోనో నిషేధించి ఉండటం మామూలే. పాత షరతు ఎవరి చేతిలో ఉందో తెలియకపోతే, వాళ్ళని వెతికి ఉత్తరం రాసే ముందు సొలిసిటర్‌ని అడగండి. ఒకసారి వాళ్ళని కదిలించాక ఆ షరతు మీద ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (షరతు మీరినందుకు తర్వాత ఎవరైనా దావా వేస్తే నష్టం భరించే బీమా) సాధారణంగా దొరకదు.

అనుమతి అక్కర్లేని పనికైనా లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ (ఆ పని చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే పత్రం) తీసుకోండి. ప్లానింగ్ ఫీజులో సగమే. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ తరచూ అడిగే కాగితాల్లో అదొకటి. ఉమ్మడి గోడని ముట్టుకునే పనైతే పొరుగువారికి 2 నెలల ముందే పార్టీ వాల్ నోటీసు ఇవ్వాలి. దాన్ని పోస్టులో పంపే ముందు ఒకసారి వెళ్ళి ప్లాను చూపించి మాట్లాడండి.