ఆదిలాబాద్ ఇంటి చెట్ల గురించి

బిడ్డా,

కొత్తింట్లో ముందర వేప, వెనక చింత, బావి పక్కన మామిడి ఉన్నాయని, మూడూ బాగా ముదిరిన చెట్లని రాశావు. గాలికి ఇంటి మీద పడతాయేమో, సగానికి కొట్టించమని పక్కింటివాళ్లు అంటున్నారని కూడా రాశావు. ఆ పని మాత్రం చేయించకు. ఎందుకో, దానికి బదులు ఏం చేయాలో చెప్తాను. ఉద్యానశాఖలో పనిచేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదువు.

మన హనుమకొండ వాతావరణం వేరు, మీ ఆదిలాబాద్ వాతావరణం వేరు. డిసెంబర్, జనవరి నెలల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది. ఆ చలి దాటిందంటే ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారాలు, రాళ్లవానలు. తర్వాత శ్రావణంలో ముసురు పట్టి నేలంతా మెత్తబడుతుంది. ముదిరిన చెట్టు ఇవన్నీ తట్టుకుంటుంది, దాని వేళ్లను మనం పాడుచేయకపోతే.

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఒక్క సాయంత్రం వీచిన గాలికి 50 వేలకు పైగా చెట్లు నేలకూలాయని అధికారులు చెప్పారు కదా. అక్కడ పైమట్టి పొర పలుచగా ఉండి వేళ్లు లోతుకు దిగలేదని, పైగా వానకు నేల నానిపోయిందని కారణం చెప్పారు. అడవిలో నేల తీరే అంత. ఇంటి దగ్గర మాత్రం వేళ్లకు ఆ గతి మనమే పట్టిస్తాం.

చాలామంది తల్లివేరు పాతాళానికి పోతుంది, పైన ఏం చేసినా ఫర్వాలేదు అనుకుంటారు. ముదిరిన చెట్టుకు నీళ్లూ ఆహారం పీల్చే సన్నవేళ్లలో ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల నీడ దాటి కూడా చాలా దూరం పాకుతాయి. కాబట్టి నీ వేపచెట్టు వేళ్లు గేటు దాకా ఉన్నాయనే అనుకో. అక్కడ కారు పార్కింగ్‌కు టైల్స్ వేయిస్తానన్నావు. టైల్స్ కోసం అడుగు లోతు మట్టి తీసి, కంకర పోసి, రోలర్‌తో తొక్కిస్తే ఆ వైపు వేళ్లు తెగుతాయి, మిగిలినవాటికి గాలి ఆడదు. చెట్టు వెంటనే ఏమీ అనదు. రెండు మూడేళ్లకు పైకొమ్మలు ఎండటం మొదలవుతుంది, అప్పటికి టైల్స్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఓ గట్టి గాలికి ఆ వైపు పట్టు లేక చెట్టు వాలిపోతుంది. కారును గోడ వారగా ఇంకో పక్కకు మార్చు. తప్పదంటే మట్టి తవ్వకుండా, పైన విడివిడి రాతి పలకలు పరిపించు, సందుల్లో నీళ్లు ఇంకేలా. సిమెంటు మాత్రం వద్దు. నల్లా పైపుకో, డ్రైనేజీకో కాలువ తవ్వేవాళ్లు వస్తే దగ్గరుండి చూడు. చేతి మణికట్టంత లావు వేరు కనబడితే నరకనివ్వకు, పైపును దాని కిందనుంచి దూర్చమను.

ఇంకో సంగతి. మీది నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలు విచ్చి సన్నవేళ్లను తెంపేస్తుంది, వానాకాలం ఉబ్బి మెత్తగా అవుతుంది. దానికి మందు చెట్టు దగ్గరే ఉంది, రాలిన ఆకు. వేపాకు, చింతాకు ఊడ్చి తగలబెట్టకుండా కొమ్మల నీడ పడినంత మేర మూడు నాలుగు అంగుళాల మందంలో పరుచు. మొదలుకు మాత్రం జానెడు దూరం వదిలెయ్. బెరడుకు ఆనుకుని తడి ఆకు గానీ, మట్టి గానీ ఉంటే బెరడు కుళ్లుతుంది. నేలను తాకే చోట చెట్టు మొదలు కాస్త వెడల్పై వేళ్లుగా విడిపోతూ కనబడాలి. నీ చింతచెట్టు స్తంభం పాతినట్టు నిటారుగా మట్టిలోకి దిగిపోతుంటే, పాత ఇంటివాళ్లు మట్టి పోసి నేల ఎత్తు పెంచారని అర్థం. పారతో కాదు, చేత్తో మెల్లగా తీయించు.

వేప చుట్టూ గద్దె ఉందా? ఉంటే మొదలుకూ సిమెంటుకూ మధ్య సందు ఉందో లేదో చూడు. బట్టలారేసే తీగ కాండానికి చుట్టి ఉంటే ఈరోజే విప్పెయ్. అది ఏటేటా బెరడులోకి దిగుతుంది.

చలికాలంలో అక్కడ నేను భయపడేది చలికి కాదు, చలిమంటకు. తెల్లవారుజామున గాలి తగలదని చెట్టు మొదట్లోనే మంట వేస్తారు. బెరడు కింద ఉండే పలుచని పొరే చెట్టును పెంచేది. ఆ వేడికి ఆ పొర చస్తుంది, బెరడు పైకి బాగానే కనబడుతుంది, ఏడాదికి పెచ్చులూడి లోపల తొర్ర పడుతుంది. వాచ్‌మన్‌కు, పాలవాళ్లకు మర్యాదగా చెప్పి మంట దూరంగా వేయించు.

నీళ్ల విషయానికొస్తే, నవంబర్ నుంచి మీకు వాన ఉండదు, పొడిగాలి ఆకులోని తేమను లాగేస్తుంటుంది. వేపకు, చింతకు మూడు వారాలకోసారి కొమ్మల అంచు కింద నేల బాగా నానేలా పెట్టు. రోజూ మొదట్లో బకెట్ పోయడం వల్ల లాభం లేదు. మామిడికి మాత్రం పూతకు ముందు నీళ్లు ఆపెయ్, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టు. పూత మీద చలి రాత్రుల్లో బూడిద తెగులు, తేనెమంచు పురుగు వస్తాయి. అప్పుడు నీ ఊరి ఉద్యాన అధికారిని అడిగి మందు కొట్టించు, అంగట్లో ఇచ్చింది కొట్టకు.

ఇక కొమ్మల సంగతి. సగానికి కొట్టిన చెట్టు మోడు చుట్టూ గుత్తులుగా చిగురు వేస్తుంది. ఆ కొత్త కొమ్మలు లోపలి చేవ నుంచి పుట్టినవి కావు, పైపైన అతుక్కుని ఉంటాయి. నాలుగేళ్లలో మళ్లీ పాత ఎత్తుకు వస్తాయి, ఈసారి గాలికి ముందుగా విరిగేవి అవే. కోసిన పెద్ద గాయం నుంచి కుళ్లు కిందికి దిగుతుంది. అంటే ప్రమాదం తగ్గించబోయి పెంచుకుంటాం. లోపలి చిన్న రెమ్మలన్నీ గీకేసి కొనల్లో మాత్రం గుబురు వదలడం కూడా తప్పే, బరువంతా చివరకు చేరి కొమ్మ ఊగిపోతుంది.

చేయించాల్సింది చాలా తక్కువ. ఎండినవి, విరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి తీయించు. ఇంటి కప్పు మీదికి మరీ సాగిన కొమ్మను పూర్తిగా నరక్కుండా, పక్క కొమ్మ ఉన్న చోటు దాకా కురచ చేయించు. ఒక ఏడాదిలో పచ్చటి ఆకులో నాలుగో వంతు మించి పోకూడదు, ముసలి చెట్టుకు అంతకంటే తక్కువే. వేపకు చలి తగ్గాక, ఆకు రాల్చి కొత్త చిగురు వేసే ముందు మంచిది. చింతకు కాయ దులిపాక, మామిడికి కాయ కోశాక. ఎండుకొమ్మకు కాలంతో పని లేదు.

కోసేవాళ్లు గొడ్డలితో వస్తే పంపించెయ్, రంపం ఉన్నవాళ్లనే పిలువు. లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి. మొదలుకు మూరెడు దూరంలో కింది నుంచి కొద్దిగా కోత, ఇంకాస్త అవతల పై నుంచి కోసి కొమ్మను మోకుతో దించడం, చివరగా మిగిలిన మోడును తీయడం. ఇలా చేయకపోతే కొమ్మ బరువుకు కాండం బెరడు కిందిదాకా చీలుతుంది. ఆఖరి కోత ఎక్కడన్నదే ముఖ్యం. కొమ్మ పుట్టిన చోట ఉంగరంలా చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని వదిలి దాని బయటి అంచున కోయాలి. గాయాన్ని మూసేది ఆ ఉబ్బే. తారు పూయడం వల్ల కుళ్లు ఆగదు, వద్దు.

చింతచెట్టు పంగ దగ్గర నిలబడి చూడు. రెండు కొమ్మలు వెడల్పుగా విడిపోతే భయం లేదు. ఇరుకుగా ఉండి మధ్యలో బెరడు నలిగి, పగులు కనబడితే అది చీలే చోటు. మొదట్లో కుక్కగొడుగులు పుట్టినా, చెట్టు కొత్తగా ఒక పక్కకు వాలినా, గాలి వచ్చే వైపు నేల బీటలిచ్చినా ఆలస్యం చేయకుండా నాకు ఫోన్ చెయ్. ఇంట్లోవాళ్లను ఆ పక్క పడుకోనివ్వకు. ఊరికే తొర్ర ఉన్నందుకు చెట్టును తీసేయక్కర్లేదు. చుట్టూ గట్టి చెక్క మందంగా ఉంటే డొల్ల చెట్టు కూడా ఏళ్లకేళ్లు నిలబడుతుంది.

వేప కొనలు ఎర్రబడి ఎండితే కంగారుపడకు. 2021లో రాష్ట్రమంతా వేపచెట్లు అలాగే మాడిపోయినట్టు కనబడ్డాయి, శిలీంద్ర తెగులు, చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు కలిసి చేసిన పని. చచ్చాయనుకుని కొందరు నరికించేశారు. ఓపిక పట్టినవాళ్ల చెట్లు చాలావరకు మళ్లీ చిగురించాయి.

ఏ చెట్టునైనా నిజంగా తీసేయాల్సి వస్తే వాల్టా చట్టం, అంటే నీళ్లు, నేల, చెట్లను కాపాడే చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి, నీ పెరట్లోదైనా సరే. అంతదాకా వస్తుందని నేననుకోను. సంక్రాంతికి మీ పెద్దమ్మా నేనూ వస్తాం, మూడు చెట్లూ చూస్తాను. అంతవరకు టైల్స్ పని ఆపించు.

మీ పెద్దనాయిన
హనుమకొండ