రైలుకి ఏ వేగం సరైనది? విశాఖ–హైదరాబాద్ మధ్య తిరిగేవాడి లెక్క

“రైలు ఎంత వేగంతో వెళ్తే మంచిది? వందే భారత్ వచ్చాక ప్రయాణం నిజంగా బాగుపడిందా?” అని కదా ప్రశ్న. నేను రైల్వే ఉద్యోగిని కాదు. ఊరు విశాఖ, ఉద్యోగం హైదరాబాదు. పద్నాలుగేళ్లుగా నెలకోసారైనా ఆ దారిలో తిరుగుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొన్న వేసవి సెలవులకి సికింద్రాబాద్‌లో వందే భారత్ ఎక్కాం. మావాడి కళ్లు కిటికీ మీద లేవు, బోగీ చివర తెర మీద కనిపించే స్పీడు మీదే ఉన్నాయి. ఖమ్మం దాటాక “నూట ఇరవై ఎనిమిది… నూట ఇరవై తొమ్మిది… నాన్నా, నూట ముప్పై!” అని అరిచాడు. పక్క సీట్లవాళ్లు కూడా తెర వైపు తిరిగారు. నా ముందు ట్రే మీద టీ కప్పు అలాగే ఉంది, చుక్క కూడా ఒలకలేదు. పాత బోగీల్లో అయితే కప్పు చేత్తో పట్టుకుని, కుదుపు తగ్గాక ఒక్కో గుక్క తాగేవాళ్లం.

ఇంటికెళ్లాక లెక్కేశాను. దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. అంటే సగటున గంటకి 82. ఈ రైలుని 160 దాకా నడిపేలా తయారుచేశారు, ట్రయల్స్‌లో 180 కూడా అందుకుంది. మా దారిలో తెర మీద కనిపించింది 130, చివరికి చేతికి వచ్చింది 82.

అయినా 82 తక్కువేం కాదు. మన బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల లైను) మీద సగటు 55 ఉంటే చాలు, ఆ రైలు సూపర్‌ఫాస్ట్ అయిపోతుంది, టికెట్‌లో ఆ పేరుతో అదనపు చార్జీ కూడా పడుతుంది. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నవ్వొచ్చింది. హైవే మీద మా బావగారి పాత కారు కూడా సూపర్‌ఫాస్టే.

అసలు మెలిక గరిష్ఠ వేగంలో లేదు. వంద కిలోమీటర్ల దూరాన్ని 110 వేగంతో వెళ్తే 54 నిమిషాల పైచిలుకు పడుతుంది. పట్టాలు, సిగ్నళ్లు అన్నీ బాగుచేసి 130కి పెంచితే 46 నిమిషాలు. అంత ఖర్చు పెడితే మిగిలింది ఎనిమిది నిమిషాలు. అదే దారిలో ట్రాక్ పని వల్లనో, పాత వంతెన వల్లనో ఓ పది కిలోమీటర్లు 30 మీద పాకాల్సి వస్తే ఇరవై నిమిషాలు పోతాయి. అక్కడ 75తో వెళ్లగలిగితే ఎనిమిది నిమిషాల్లో దాటేస్తాం, పన్నెండు నిమిషాలు కలిసొస్తాయి. పేపర్లో వార్త మాత్రం 130 గురించే వస్తుంది.

ఇక అవుటర్, అంటే స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర ఆపేసే సంగతి. రైలు పేరెందుకులెండి, ఓ రాత్రి బండి. దారంతా బాగానే లాక్కొచ్చి, తెల్లవారుజామున ఓ పెద్ద జంక్షన్ బయట ఆపేశారు. దిగేవాళ్లంతా అప్పటికే సామాన్లు తలుపు దగ్గర పేర్చేశారు. ఒకాయన బూట్లు బిగించుకుని, భుజాన బ్యాగుతో నలభై నిమిషాలు అలాగే నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు బండి కదిలినట్టే కదిలి ఆగింది, రెండుసార్లూ ఆయన కడ్డీ పట్టుకున్నాడు. స్టేషన్ లైట్లు కనిపిస్తూనే ఉన్నాయి. ఈలోగా టాయిలెట్‌లో నీళ్లు అయిపోయాయి. చంటిపిల్లతో ఉన్న ఒకావిడ మంచినీళ్ల బాటిల్‌తోనే పని కానిచ్చింది. ఆ రాత్రి రైలు వంద దాటిందో నూట ముప్పై దాటిందో ఎవరికి గుర్తుంటుంది?

మీకు ఓపికుంటే ఒక సరదా పని చేయండి. దువ్వాడ, విశాఖపట్నం మధ్య దూరం పదిహేడు కిలోమీటర్లు. టైమ్ టేబుల్లో విశాఖ నుంచి బయల్దేరే బళ్లకి, విశాఖలో ఆగిపోయే బళ్లకి ఆ ముక్కకి ఎంత టైమ్ ఇచ్చారో చూడండి. వెళ్లేటప్పుడు అరగంటలో దాటేది, వచ్చేటప్పుడు చాలా బళ్లకి గంట దాకా ఉంటుంది. దారిలో లేటైతే సర్దుకోవడానికి చివర్లో దాచిపెట్టిన టైమ్ అది. అందుకే దువ్వాడకి లేటుగా వచ్చిన బండి విశాఖకి ‘రైట్ టైమ్’కి చేరుతుంది.

జపాన్‌లో 1964లో షింకన్‌సెన్ మొదలైనప్పుడే 210 వేగంతో నడిచింది. దానికి పట్టాలు విడిగా వేసుకున్నారు, వాటి మీద అడ్డొచ్చే గూడ్సు ఉండదు. ముంబై–అహ్మదాబాద్ మధ్య కడుతున్న 508 కిలోమీటర్ల లైను కూడా అలాంటిదే. మన దగ్గర బొగ్గు గూడ్సు, ప్యాసింజరు, గోదావరి ఎక్స్‌ప్రెస్, వందే భారత్ అన్నీ ఒకే పట్టాల మీద నడవాలి. వేగంగా వెళ్లేది దాటాలంటే మెల్లగా వెళ్లేది లూప్ లైన్‌లో పక్కకి తప్పుకోవాలి. జనం ఎక్కే బళ్లలో ఆ తప్పుకునేది ఎక్కువగా ప్యాసింజరే. చదువుకునే రోజుల్లో అందులోనే అనకాపల్లి వెళ్లేవాణ్ని. లూప్‌లో ఆగినప్పుడు దిగి, వేపచెట్టు కింద నిలబడి, ఎక్స్‌ప్రెస్ దుమ్ము రేపుకుంటూ పోవడం చూసేవాళ్లం. రోజూ పనికెళ్లే కూలీకి, పాలక్యాన్లవాడికి ఆ పావుగంటే ఎక్కువ నష్టం. నన్నడిగితే ముందు వాళ్ల బండిని 35 నుంచి 50కి తేవాలి. మెము రైళ్లు (విడిగా ఇంజను లేకుండా కరెంటుతో నడిచే లోకల్ బళ్లు) ఆగిన చోటి నుంచి చటుక్కున వేగం అందుకుంటాయి కాబట్టి ఆ పని కొంత చేస్తున్నాయి.

రాత్రి బళ్ల లెక్క వేరు. మా నాన్నగారికి డెబ్బై రెండు. గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది 1974 ఫిబ్రవరి 1న, ఆయన చదువుకునే రోజుల నుంచీ అదే ఎక్కుతున్నారు. వందే భారత్ ఎలా ఉంది నాన్నా అంటే “బాగానే ఉందిరా, కానీ ఎనిమిది గంటలు బంతిలో కూర్చోబెట్టినట్టుంది” అన్నారు. ఆయనకి నడుం వాల్చడానికి బెర్తు కావాలి. సాయంత్రం ఎక్కి, పడుకుని, తెల్లారి దిగాలి. ఆ బండిని మూడు గంటలు తగ్గించి అర్ధరాత్రి దాటాక రెండున్నరకి దింపితే ఆయనకేం లాభం? ఆటోవాడు అడిగినంత ఇవ్వాల్సిందే.

అరకు వెళ్లే కిరండూల్ బండి ఇంకో రకం. సుమారు నాలుగు గంటలు, సగటున 30 కిలోమీటర్ల పైచిలుకు. అనంతగిరి కొండల్లో అంతకన్నా వేగంగా వెళ్తే నాకే కోపం వస్తుంది. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి ఎక్కే దారిలో మావాడు సొరంగాలు లెక్కపెడుతూ బొర్రా దగ్గరకి వచ్చేసరికి లెక్క తప్పాడు, మళ్లీ మొదట్నుంచి వెళ్దామన్నాడు.

కాబట్టి నా అంచనా: పగటి రైలుకి సగటున 90–100, ప్యాసింజరుకి 50, రాత్రి బండికి తెల్లారి ఆరింటికి దింపే వేగం ఏదైనా సరే. మీరు ఈ దారి గురించే అడుగుతుంటే, ఒంట్లో ఓపికుండి పగలు ఖాళీ అయితే వందే భారత్, పెద్దవాళ్లుంటే గోదావరిలో కింది బెర్తు. వందే భారత్‌లో భోజనం వద్దనుకుంటే టికెట్ తీసేటప్పుడే వద్దని పెట్టొచ్చు. మేం పులిహోర కట్టుకెళ్తాం.