ముందు ఆ కెమెరా దింపండి

ఉత్తరం: నా వయసు 36. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా అప్పుడు హైదరాబాద్ నుంచి భీమవరం దగ్గర మా ఊరు వచ్చేసి, ఇంటి నుంచే పనిచేస్తున్నాను. అమెరికా వాళ్లతో మీటింగులు, పడుకునేసరికి రాత్రి రెండు దాటుతుంది. మాకు ఆరెకరాల రొయ్యల చెరువులున్నాయి. నాన్నకి 65 ఏళ్లు, ఆయనే చూసుకుంటారు. కిందటేడు రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి పంట పోయింది. ఈసారి పెట్టుబడి నేనూ, మా బావగారూ పెట్టాం. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే మీటరు, ఫోనులో దాని యాప్, సీసీ కెమెరాలు పెట్టించాను. నాన్న యాప్‌ని నమ్మరు. ఇప్పటికీ తెల్లవారుజామున మూడింటికి టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరుగుతారు. మొన్న యాప్‌లో ఆక్సిజన్ 5.2 చూపిస్తుంటే ‘నీళ్లు బాలేవు’ అని, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ వేయించేశారు. కరెంటు బిల్లు గుర్తొచ్చి నాకు కోపం ఆగలేదు. మేత వేసే కుర్రాడి ముందే, ‘మీ కంటి లెక్కల వల్లే కదా పోయినేడు మునిగాం’ అనేశాను. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. అన్నం కూడా చెరువు దగ్గరికే తెప్పించుకుంటున్నారు. ఏం చెప్పాలన్నా అమ్మతోనే చెప్పిస్తున్నాను. మేత బస్తాల్లో రెండు తేడా వచ్చాయని, బావగారు కూడా అడుగుతున్నారని నాన్న పడుకునే షెడ్డులో ఒక కెమెరా పెడితే దాని మీద తువ్వాలు కప్పేశారు. ఏఐని అడిగితే, ‘మీ నాన్నగారు మార్పును అంగీకరించలేకపోతున్నారు’ అంది. ఉద్యోగంలోనూ మనశ్శాంతి లేదు. మౌసు కాసేపు కదలకపోతే మేనేజరుకి తెలిసిపోయే సాఫ్ట్‌వేర్ పెట్టారు, పదకొండేళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి దొంగని చూసినట్టు చూస్తున్నారు. చదువుకోని పెద్దవాళ్లకి సైన్సు మీద నమ్మకం ఎలా కలిగించాలి? ఉద్యోగం మానేసి చెరువులు నేనే చూసుకోనా?

జవాబు: మీటరు సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది కాబట్టి.

ఆక్సిజన్ మీటరు మంచి వస్తువే. తీసేయకండి. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లకి పచ్చరంగు తెచ్చే ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి అదే తిరిగి వాడుకుంటుంది. అందుకని తెల్లవారే ముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందకి దిగితే రొయ్యకి కష్టం. రొయ్యలు పైకి తేలి గట్టు వారకి చేరడం మన కంట పడేసరికి ఆలస్యమైపోతుంది, మీటరైతే ముందే చెబుతుంది. మీ నాన్నగారు మూడింటికి లేచి వెళ్లేదీ ఆ లెక్క తెలిసే. అయితే మీటరు మూతి రాత్రీ పగలూ చెరువు నీళ్లలోనే ఉంటుంది. దానికి పాకుడు పడుతుంది. తుడవకపోయినా, అప్పుడప్పుడు సరిచూసుకోకపోయినా తప్పు అంకె చూపిస్తుంది. పైగా అది ఉన్నచోట, ఉన్న లోతులో సంగతే చెబుతుంది, రొయ్య తిరిగేదేమో అడుగున. ఆ 5.2 చూపించిన రోజుకి దాన్ని తుడిచి ఎన్నాళ్లయిందో మీ ఉత్తరంలో లేదు. ముందు దాన్ని శుభ్రం చేయించండి. కరెంటు బిల్లు అంటారా, ఒక రాత్రి ఏరియేటర్లు ఎక్కువ తిరిగితే అయ్యే ఖర్చెంత, చెరువులో రొయ్యలు చచ్చి తేలిపోతే వచ్చే నష్టమెంత? ఆ లెక్క మీకు నేను చెప్పాలా?

ఇక ‘చదువుకోని పెద్దవాళ్లు’ అన్న మాట. ఇది చదివి నాకు ఒళ్లు మండింది.

మీరు ఏ గడ్డ మీద కూర్చుని రాశారో చూసుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయితే, కట్టించిన ఇంజినీరు కాటన్ దొరకి ఈనాటికీ దండలు వేస్తున్న జనం మనం. 1967లో ఐఆర్8 అనే కొత్త వరి వంగడం వస్తే, ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి దేశానికి చూపించారు. మారుటేరు పరిశోధన కేంద్రం స్వర్ణ వరి విత్తనం ఇస్తే మీ తాతల తరం ఊళ్లకి ఊళ్లు అదే వేశారు. వరి పొలాన్ని చేపల చెరువు చేసిందీ, తర్వాత టైగర్ రొయ్య వేసిందీ, 1990లలో వైట్ స్పాట్‌తో అది కుప్పకూలితే ఓర్చుకుని, 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ అప్పు చేసి దిగిందీ మీ నాన్నగారి ఈడువాళ్లే. కొత్తదంటే భయపడే మనుషులైతే మీ ఆరెకరాల్లో ఇవాళ్టికీ దాళ్వా వరే ఉండేది.

రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేని ఆయన చూడటం మీరు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? తాడు పట్టి ట్రే పైకి లాగుతారు. మిగిలిన మేత వేళ్లతో కదిపి చూస్తారు. ఒక రొయ్యని తీసి టార్చి వెలుతురుకి ఎత్తిపట్టి, పేగు నిండుగా ఉందా, మధ్యమధ్య ఖాళీగా ఉందా చూస్తారు. గుల్ల మెత్తగా ఉందేమో నొక్కి చూస్తారు. అప్పుడు చెబుతారు, ఈ పూట మేత తగ్గించండి అనో, పెంచండి అనో. మర్నాడు మళ్లీ ట్రే చూసి తను చెప్పింది సరిపోయిందో లేదో తేల్చుకుంటారు. అనుకోవడం, పరీక్షించడం, తప్పయితే దిద్దుకోవడం. మీకు కాలేజీలో సైన్సని చెప్పింది ఇదే కదా?

మరి సైన్సు తెలిసిన మీరేం అన్నారు? ‘మీ కంటి లెక్కల వల్లే పోయినేడు మునిగాం’ అన్నారు. వైట్ స్పాట్ వైరస్. సీడుతో, అంటే తెచ్చి వేసిన రొయ్య పిల్లలతో రావచ్చు, కాలువ నీళ్లతో రావచ్చు, గట్టు కింది పీతలతో రావచ్చు. చెరువులోకి వచ్చాక దానికి మందు లేదు. మీ మీటరు అప్పుడు ఉన్నా వైరస్‌ని పట్టుకునేది కాదు. ఈ సంగతి మీకూ తెలిసే ఉంటుంది. తెలిసి కూడా, నష్టానికి ఒక మనిషి కావాలి కాబట్టి ఎదురుగా ఉన్న తండ్రి మీద పెట్టేశారు, అదీ ఆయన దగ్గర జీతానికి పనిచేసే కుర్రాడి ముందు. సైన్సు మీద నమ్మకం కలిగించాల్సింది ఎవరికో మీరే ఆలోచించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో దాటేసిన తువ్వాలు.

ఆయన చెరువు మీద పెట్టిన కెమెరాల జోలికి పోలేదు. మీటరు పీకేయలేదు. నమ్మకపోయినా ఊరుకున్నారు, కొడుకు ముచ్చటపడి పెట్టుకున్నాడని. షెడ్డులో, తను మంచం వేసుకుని పడుకునే చోట, మేత బస్తాల వైపు చూసే కెమెరాని మాత్రమే కప్పేశారు. అంటే అది ఆక్సిజన్ కోసం పెట్టింది కాదని ఆయనకి చక్కగా అర్థమైంది. నలభై ఏళ్లు ఇంటి బరువు మోసిన మనిషిని, రెండు బస్తాల కోసం కొడుకు అనుమానించాడు. ఆయన కేకలేయలేదు, ఊళ్లో పెద్దమనుషుల దగ్గరికి పోలేదు, కెమెరా విరగ్గొట్టలేదు. భుజం మీది తువ్వాలు తీసి కప్పారు. అంత మర్యాదగా చెప్పినా మీకది మొండితనంగా కనబడింది.

ఆ రెండు బస్తాలు ఏమయ్యాయని ఆయన్ని నోరు తెరిచి అడిగారా? లారీ ఆలస్యమైన రోజున పక్క చెరువువాళ్లకి మేత చేబదులు ఇవ్వడం మన ఊళ్లలో మామూలే. అలా కాకపోయినా, అమ్ముకుని కాఫీ తాగినా, ఆ చెరువులు ఆయనవి. పెట్టుబడి పెట్టినంత మాత్రాన కొడుకు యజమానీ, తండ్రి కాపలావాడూ అయిపోరు. ఈ విషయంలో నా దగ్గర రెండో మాట లేదు.

మీ ఆఫీసు గురించి కూడా రాశారు. దొంగని చూసినట్టు చూస్తున్నారని. ఆ బాధ నిజమే, పదకొండేళ్లు చేసినవాడికి అది అవమానమే. మీ సర్వీసు పదకొండేళ్లు, ఆయనది నలభై. మేనేజరు మీకు పరాయివాడు కూడా.

ఏఐ చెప్పిందంటారా, దానికి కథ చెప్పింది మీరు. చెప్పినవాళ్ల వైపు తల ఊపడం దానికి అలవాటు. అదే ఫోను మీ నాన్నగారి చేతికిచ్చి, ‘నా కొడుకు నా మంచం మీద కెమెరా పెట్టాడు’ అని అడగమనండి, ఆయనకీ అంతే ఓదార్పుగా మాట్లాడుతుంది. మీ ఉత్తరం ఒక్కటే చదివి నేను మాత్రం ఎలా చెబుతున్నానంటారేమో. నిజమే, నేనూ ఒకవైపే విన్నాను. కానీ మీ వైపు విన్నా మీ నాన్నగారి పక్షానే మాట్లాడాల్సి వచ్చిందంటే, మీరే చూడండి.

చేయాల్సింది చెబుతాను. ఆ షెడ్డు కెమెరా ఇవాళే దింపేయండి. దింపుతున్నానని ఎవరికీ ప్రకటించొద్దు. తువ్వాలు మడిచి మంచం మీద పెట్టండి. చెరువుల మీద కెమెరాలు ఉండనివ్వండి, రాత్రిళ్లు ఏరియేటరు ఆగితే తెలుస్తుంది, వల దొంగలూ ఉన్నారు.

మీకు ఎలాగూ రెండింటి దాకా మెలకువే. అంటే ఆయన మూడింటికి లేచేసరికి మీరు ఫోనులో చూస్తున్నారన్నమాట. రోజూ చేయమనను, మీ ఉద్యోగానికి నిద్ర కావాలి. వారంలో ఒకటి రెండు రాత్రులు చెరువు దగ్గరికి వెళ్లండి. అమ్మగారి చేత ఫ్లాస్కులో టీ పోయించుకుని వెళ్లండి. ఫోను జేబులో ఉండనివ్వండి. ఆయన వెనక నడవండి, ట్రే తాడు అందుకోండి. మొదటి రోజు ఆయన పలకరు, రెండో రోజూ పలక్కపోవచ్చు. పలికినప్పుడు ‘ఈ పేగు ఎలా చూస్తారు నాన్నా’ అని అడగండి. నాలుగు రోజులు పోయాక ఆయనే అడుగుతారు, నీ డబ్బా ఎంత చూపిస్తోందిరా అని. అప్పుడు తీసి చూపించండి. రెండు లెక్కలూ కలిసిన రోజు ఏమైంది, కలవని రోజు ఏమైంది, ఇద్దరూ కలిసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ మీటరుకి విలువ వచ్చేది అప్పుడే.

క్షమాపణ మాత్రం విడిగా చెప్పాలి, చాటుగా కాదు. మేత కుర్రాడి ముందు అన్నారు కాబట్టి ఆ కుర్రాడి ముందే, ‘ఆ రోజు అలా అనకూడదు నాన్నా, వైట్ స్పాట్‌కి మీరేం చేస్తారు’ అనండి. పొడుగ్గా వద్దు. కాళ్ల మీద పడనక్కర్లేదు. కుర్రాడు ‘ఆయ్’ అని తలూపి తన పని తను చూసుకుంటాడు. కానీ సాయంత్రానికి ఆ మాట పక్క గట్లన్నీ తిరుగుతుంది, తిరగాలి కూడా, మీరన్న మాటా అలాగే తిరిగింది మరి.

అమ్మగారిని ఇక ఈ రాయబారాల్లోంచి వదిలేయండి. ఒకే ఇంట్లో ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకోకపోతే, ఇటు మాట అటు చెప్పలేక, చెప్పేటప్పుడు కారం తీసి చెప్పలేక ఆవిడ నలిగిపోతుంది. ఆవిడ గురించి మీరు రాసింది ఒక్క వాక్యం. చదవగానే జాలేసింది.

ఉద్యోగం మానేయనా అన్నారు. వద్దు. ఒక పంట పోయి, రెండో పంట నీళ్లలో ఉండగా, నెల జీతం వదులుకునేవాడు వ్యవసాయానికి పనికిరాడు. రొయ్యల పట్టుబడి అయ్యాక, అప్పులు చూసుకుని, అప్పటికీ అనిపిస్తే మీ నాన్నగారిని అడగండి, ‘నన్ను చెరువుల్లోకి రానిస్తారా’ అని. అలాగే అడగాలి. ‘నేను చూసుకుంటాను, మీరు రెస్టు తీసుకోండి’ అని కాదు.

బావగారి విషయం ఒకటి మిగిలింది. డబ్బు పెట్టిన అల్లుడు లెక్క అడగడంలో తప్పులేదు. ఆయనకి లెక్క చెప్పాల్సింది మీరు. మామగారిని అడిగే అవకాశం ఆయనకి రానివ్వకండి, రేపు ఆ మాట మీ అక్కగారి మెడకి చుట్టుకుంటుంది. సీడుకి ఎంత, మేతకి ఎంత, కరెంటుకి ఎంత అని ఒక కాగితం మీద రాసి, ఆ రెండు బస్తాలు మీ వాటాలో వేసుకుని, నెలాఖరులోగా ఆయన చేతికి ఇచ్చేయండి.