పరీక్ష కన్నా ముందు రెండో బడిని చూడు

చి.సౌ. శ్రావణికి పెద్దమ్మ దీవించి రాయునది.

మేఘన చేత గ్రామర్ స్కూలు సీటు కోసం ఎలెవెన్ ప్లస్ పరీక్ష రాయించబోతున్నారని, అందుకోసం రెడింగ్ పక్కన ఎర్లీలో ఇల్లు అమ్మేసి బకింగ్‌హామ్‌షైర్‌లోని ఏల్స్‌బరీ వెళ్లిపోదామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. పిల్ల ఇయర్ ఫోర్‌లో ఉండగానే ఇంత దూరం ఆలోచించావని తెలిసి పొంగిపోయాను. ఇల్లు అమ్మే మాట వినగానే మాత్రం గాబరా పట్టుకుంది. ఫోన్‌లో చెబితే సగం మాటలు గాలికి పోతాయి. అందుకే రాస్తున్నాను, అల్లుడి చేత కూడా చదివించు.

పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే గ్రామర్ స్కూలా, మామూలు స్కూలా అని మీరిద్దరూ తేల్చుకోలేకపోతున్నారట. దానికి జవాబు ఊరిని బట్టి మారుతుంది. 1965 తర్వాత ఇంగ్లండులో చాలా స్థానిక కౌన్సిళ్లు పిల్లల్ని పదేళ్లకే వడపోసే పద్ధతి వదిలేశాయి. బకింగ్‌హామ్‌షైర్, కెంట్ లాంటివి వదల్లేదు. 1998 చట్టం కొత్త గ్రామర్ స్కూళ్లు పెట్టకూడదంది. ఇప్పుడు దేశం మొత్తం మీద 163 ఉన్నాయి, వాటిలో 13 బకింగ్‌హామ్‌షైర్‌వే. అంటే అక్కడ ప్రతి ప్రైమరీ స్కూలు నుంచీ బాగా మార్కులొచ్చే పిల్లలు అటు వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు చేరేవి అప్పర్ స్కూళ్లు. వాటిలో మంచివీ ఉన్నాయి, నేను కాదనను. కానీ లెక్కల్లో పై సెట్‌కి, అంటే బాగా చేసేవాళ్ల గ్రూపుకి, సరిపడా పిల్లలు దొరకడం, మూడు సైన్సులూ విడివిడిగా చదివే బ్యాచ్ నిండడం అక్కడ కష్టమవుతుంది.

మీ ఎర్లీ సంగతి వేరు. రెడింగ్‌లో ఆడపిల్లలకున్న గ్రామర్ స్కూలు కెండ్రిక్ ఒక్కటే. అది ఎన్నో ఊళ్ల నుంచి పిల్లల్ని తీసుకుంటుంది, కాబట్టి మీ చుట్టుపక్కల చురుకైన పిల్లల్లో ఎక్కువమంది మేడెన్ ఎర్లీ లాంటి కాంప్రహెన్సివ్‌లలోనే, అంటే పరీక్ష లేకుండా చేర్చుకునే స్కూళ్లలోనే ఉంటారు. అప్పర్ స్కూలూ, కాంప్రహెన్సివూ పైకి ఒకే రకంగా కనిపిస్తాయి గానీ తరగతి గదిలో పిల్లల కూర్పు ఒకటి కాదు. మేఘన గట్టెక్కితే ఏల్స్‌బరీలో దారి సులువు. గట్టెక్కకపోతే ఎర్లీయే నయం. అందుకే పరీక్ష తప్పితే చేరాల్సిన స్కూలును ముందు చూసి రండి. అది మీ ఇద్దరికీ నచ్చితేనే ఆ ఊళ్లో ఇల్లు చూడండి.

ఆ చూడటం ఇయర్ ఫైవ్‌లోనే, సెప్టెంబరు, అక్టోబరు ఓపెన్ ఈవెనింగులప్పుడు జరగాలి. ఇయర్ సిక్స్ దాకా ఆగితే సగం పరీక్ష హడావిడిలోనే పోతుంది. హాల్లో హెడ్‌టీచర్ ఉపన్యాసం కన్నా లెక్కల గదిలో నిలబడి అడిగే ప్రశ్నలు ముఖ్యం. లెక్కల్లో సెట్లు ఏ ఇయర్‌ నుంచి పెడతారు? కింది సెట్ నుంచి పైకి ఎప్పుడెప్పుడు మారుస్తారు? మూడు సైన్సులూ విడిగా కిందటేడు ఎంతమంది రాశారు? లెక్కల టీచర్లలో ఈ ఏడాది ఎంతమంది మారారు? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే గుర్తుపెట్టుకో. పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో అన్నిటికన్నా పై గ్రేడైన 9లు ఎన్ని వచ్చాయని మాత్రమే చూస్తే వడపోసిన పిల్లల్ని తీసుకున్న స్కూలే ఎప్పుడూ పైన కనిపిస్తుంది. చేరినప్పటి స్థాయి నుంచి పిల్లలు ఎంత ఎదిగారో చెప్పేది ప్రోగ్రెస్ 8. 2020, 2021లో కొవిడ్ వల్ల ప్రైమరీ చివర ఆ స్థాయిని కొలిచే శాట్స్ పరీక్షలు జరగలేదు కనుక 2025, 2026 ఫలితాలకు ఆ లెక్క ఉండదు, 2024ది, అంతకు ముందువి చూడు. స్కూళ్లను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ నివేదికలో తేదీ చూడు. 2024 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ స్కూళ్లకు ఒక్క మాట గ్రేడు తీసేశారు, కాబట్టి లోపలి పేజీలు చదవాల్సిందే.

ఇక పరీక్ష. బకింగ్‌హామ్‌షైర్‌లో అది ఇయర్ సిక్స్ మొదట్లో, సెప్టెంబరులో. ముందు ఒక రోజు ప్రాక్టీసు, తర్వాత అసలుది, రెండు పేపర్లు. మార్కుల్లో సగం ఇంగ్లీషు, వెర్బల్ రీజనింగ్‌లకు (మాటలతో తర్కించే ప్రశ్నలు), మిగతా సగం లెక్కలకు, నాన్ వెర్బల్‌కు (బొమ్మలతో తర్కించేవి). అర్హత స్కోరు 121. నెలల్లో వయసు లెక్కేసి స్కోరును సవరిస్తారు కనుక పిల్ల జులైలో పుట్టిందన్న దిగులు వదిలెయ్. జవాబులు వేరే షీట్ మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టాలి. తప్పుకు మార్కు కొయ్యరు, ఒక్క గడీ కూడా ఖాళీ ఉండకూడదు. ఒక ప్రశ్న వదిలేసి వెళ్తే షీట్ మీద కూడా ఒక గడి వదలాలి. అది మరిచిపోతే అక్కడి నుంచి అన్నీ ఒక వరుస జరిగిపోతాయి. ఈ అలవాటు ఇంట్లోనే చేయించు. ఆ రోజు ఒళ్లు వెచ్చబడితే పంపొద్దు, ఫోన్ చేసి వేరే తేదీ అడుగు. రాసి వచ్చాక జ్వరమని చెబితే వినరు. అక్కడి ప్రైమరీలో చదివే పిల్లల పేర్లు వాటంతటవే నమోదవుతాయి. బయటి నుంచి రాయాలంటే మాత్రం వేసవిలోపు మీరే నమోదు చేయాలి. స్లౌ అనే ఊళ్లో నాలుగు గ్రామర్ స్కూళ్లకు కలిపి ఇంకో పరీక్ష ఉంది, అక్కడ అర్హత 111. కెండ్రిక్ పరీక్షకు నమోదు మళ్లీ విడిగా.

ట్యూషన్ గురించి కోప్పడక తప్పదు. ఇప్పటికే శని, ఆది రెండూ తీసేసుకున్నారట. తొమ్మిదేళ్ల పిల్లకు వారానికి ఒక గంట చాలు. అసలు బలం చదివే పుస్తకాల్లో ఉంది, మాటలు పట్టుబడితే సగం పరీక్ష అయినట్టే. రోజూ అరగంట చదవనివ్వు. టైం పెట్టి పేపర్లు ఇయర్ ఫైవ్ జనవరి నుంచి మొదలెట్టు, ఆగస్టులో వారానికి రెండు దాటనివ్వకు. నువ్వు ఇంటర్ హాస్టల్ నుంచి సంక్రాంతికి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చునే నిద్రపోయేదానివి. ఆ చదువే నిన్ను ఇక్కడిదాకా తెచ్చిందని నువ్వంటావు. కావచ్చు తల్లీ, కానీ నీకప్పుడు పదహారేళ్లు. దీనికి తొమ్మిది. అమ్మమ్మతో వీడియోలో తెలుగు మాట్లాడే ఆదివారం పొద్దును మాత్రం ఎవరికీ ఇవ్వకు.

మనవాళ్లు ఏటా చేసే తప్పు ఒకటుంది. పరీక్ష బాగా రాసిన పిల్లల్ని కూడా అదే ముంచుతుంది. అది ఫారం నింపడంలో వస్తుంది.

ఫలితాలు అక్టోబరు మధ్యలో వస్తాయి. కావలసిన స్కూళ్లను వరుసగా రాసే కౌన్సిల్ ఫారానికి గడువు అక్టోబరు 31. నువ్వు దరఖాస్తు చేసేది కౌన్సిల్ ట్యాక్స్ కట్టే చోటే. ఎర్లీలో ఉంటే వోకింగ్‌హామ్ కౌన్సిల్‌కి, కెండ్రిక్ రెడింగ్‌లో ఉన్నా సరే. పిల్లకు 125 వచ్చిందనుకో, ఆ సంతోషంలో మూడు గ్రామర్ స్కూళ్లు రాసి మిగతా గళ్లు ఖాళీగా వదిలేస్తారు. మామూలు స్కూలు పేరు రాస్తే కౌన్సిల్ అదే అంటగడుతుందని భయం. జరిగేది వేరు. నీ వరుస ఏమిటో స్కూళ్లకు తెలియనివ్వరు. ప్రతి స్కూలూ తన నిబంధనల ప్రకారం పిల్లల జాబితా కడుతుంది, నీకు సీటు రాగల వాటిలో నువ్వు అన్నిటికన్నా పైన రాసినది ఒక్కటే కౌన్సిల్ ఇస్తుంది. నువ్వు ఎంసెట్ వెబ్ ఆప్షన్స్ పెట్టావు చూడు, అచ్చం అదే పద్ధతి. కిందెన్ని రాసినా పైదానికి నష్టం లేదు, తక్కువ రాస్తే మాత్రం మునిగిపోతాం. అయితే ఇక్కడ ర్యాంకు ఒక్కటే సీటు తేదు. బకింగ్‌హామ్‌షైర్‌లో ఎక్కువ స్కూళ్లకు 121, ఆపైన వచ్చినవాళ్లంతా సమానమే, ఆ తర్వాత చూసేది క్యాచ్‌మెంట్ (స్కూలుకు కేటాయించిన ప్రాంతం), ఇంటి దూరం. 125 వచ్చి దూరంగా ఉన్న పిల్లకు రాని సీటు 121 వచ్చి పక్క వీధిలో ఉన్న పిల్లకు వస్తుంది.

ఆ మూడూ రాకపోతే ఏమవుతుందో చూడు. ఇంటి పక్క కాంప్రహెన్సివ్ నువ్వు రాయలేదు కనుక ఆ సీటు నీకన్నా దూరంగా ఉండి దాన్ని రాసినవాళ్లకు పోతుంది. మార్చి 1న నీ చేతికొచ్చేది ఎవరూ కోరక మిగిలిన స్కూలు. అప్పుడు వెయిటింగ్ లిస్టులో పేరిస్తే, అది కూడా ముందు వచ్చినవారికి ముందు కాదు. దగ్గరివాళ్లెవరైనా కొత్తగా చేరితే నువ్వు కిందికి జరుగుతావు. దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. ఎందుకైనా మంచిదని కాంప్రహెన్సివ్‌ను మొదట రాస్తే అదే వస్తుంది, కింద రాసిన గ్రామర్ స్కూళ్లు వాటంతటవే రద్దవుతాయి. నిజంగా కావలసిన వరుసలోనే రాయి, చివర గళ్లలో తప్పక వచ్చే స్కూలు ఒక్కటైనా ఉంచు. గళ్లన్నీ నింపు.

చిరునామాతో ఆటలొద్దు. ఎర్లీ ఇల్లు ఉంచుకుని ఏల్స్‌బరీలో పేరుకి అద్దెకు తీసుకుంటే కౌన్సిల్ ఆరా తీస్తుంది, మోసమని తేలితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే అధికారం ఉంది. నా భయం ఇంకొకటి. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, పదకొండేళ్ల పిల్ల రెండు బస్సులు మారి ఒంటరిగా రావడం నాకు ఇష్టం లేదు. ఇంటి నుంచి స్కూలుకు ఒక సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి మీరే ప్రయాణం చేసి చూడండి. దగ్గర్లో తగిన స్కూలుండగా దూరంది మనమే కోరుకుంటే ఉచిత బస్సు ఇవ్వరు.

121 రాకపోతే బకింగ్‌హామ్‌షైర్‌లో సెలక్షన్ రివ్యూ, అంటే ఫలితాన్ని మళ్లీ పరిశీలించమని అడగొచ్చు, స్కూలు నుంచి మంచి ఆధారాలుంటేనే. రివ్యూకి వెళ్లి కాదనిపించుకున్నాక అప్పీలుకు పోతే, ఆ ప్యానెల్ మొదట రివ్యూ న్యాయంగా జరిగిందా అన్నదే చూస్తుంది. న్యాయంగానే జరిగిందంటే పిల్ల చదువు సంగతి వినరు. కాబట్టి రివ్యూ అడగాలా, నేరుగా అప్పీలుకే పోవాలా అన్నది తొందరపడి తేల్చొద్దు. ఇంకో మాట, పదహారేళ్లకు సిక్స్త్ ఫామ్‌లో (మన ఇంటర్ లాంటిది) గ్రామర్ స్కూళ్లు బయటి పిల్లల్ని జీసీఎస్ఈ గ్రేడ్ల మీద తీసుకుంటాయి. ఇది మేఘనకు ఇప్పుడే చెప్పు, ఫలితం వచ్చిన రోజున కాదు.

ఇల్లు బేరానికి పెట్టేముందు ఏల్స్‌బరీలో రెండు అప్పర్ స్కూళ్లన్నా చూసి నాకు ఫోన్ చెయ్. ఫారం నింపాక, పంపే ముందు ఒకసారి చూపించు. పంపాక కౌన్సిల్ నుంచి ధ్రువీకరణ ఈమెయిల్ వచ్చిందా లేదా చూసుకో, రాకపోతే ఫారం వెళ్లనట్టే లెక్క.

ఆశీస్సులతో,
పెద్దమ్మ