షెడ్డు కబుర్లు: టాపు కోస్తే కారు ఏమవుతుంది?

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు టింకరింగ్ షెడ్డు నడిపి, ఇప్పుడు కొడుక్కి అప్పగించి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న బాబాయ్ గారు పాఠకుల ప్రశ్నలకు చెప్పే జవాబులు.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా నాన్నగారి పాత కారు సెల్లార్‌లో ఖాళీగా పడి ఉంది. ఇంజన్ బాగానే ఉంది. టాప్ కోయించి కన్వర్టిబుల్, అంటే టాపు లేకుండా తోలే కారు, చేయించుకోవాలని ఆశ. ఇక్కడొకాయన నాలుగు రోజుల్లో చేసిస్తానంటున్నాడు. చేయించమంటారా?
– కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు నాయనా. ఆ నాలుగు రోజుల పని ఒకసారి నేనూ చేశాను.

మా షెడ్డుకి అప్పట్లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చేది. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్ అనే కారునే 1961 నుంచి మద్రాసులో ఆ పేరుతో చేశారు. డిజైన్ ఇటలీ వాడిది, మికెలొట్టి అని. దాని ప్రత్యేకత ఏంటంటే, లారీకి ఉన్నట్టు కింద ఛాసిస్, అంటే బరువు మోసే ఇనప చట్రం, విడిగా ఉంటుంది, టాపు బోల్టులతో బిగించి ఉంటుంది. స్పానర్లు పట్టుకుని విప్పేస్తే ఇద్దరు మనుషులు ఎత్తి గోడకి ఆనించేయొచ్చు. ఓనరు గారు ఒక ఆదివారం అలాగే తీయించి, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ప్రకాశం బ్యారేజీ మీద రెండు చక్కర్లు కొట్టి, సాయంత్రం మళ్లీ బిగించమన్నారు. ఒక్క డోరు కిర్రుమనలేదు. ఇరవై ఐదు అడుగుల జాగా ఉంటే వెనక్కి తిరిగిపోయే కారు అది, మా సందులోనే గిర్రున తిప్పేసేవారు.

అది చూశాక నాకు ధీమా వచ్చేసింది. మరుసటి ఏడాది ఇంకొకాయన వేరే కారు తెచ్చాడు. పెళ్లి ఊరేగింపులకి అద్దెకి తిప్పుతాట్ట, టాపు కోసెయ్యమన్నాడు. కోసేశాను. ఎర్ర రెగ్జిన్ సీట్లు, అంచులకి మెరుపు బీడింగు, చూడ్డానికి అదిరిపోయింది. నాలుగో నాడు మనిషి తిట్టుకుంటూ వచ్చాడు. విడిది దగ్గర డోరు తెరుచుకోక పెళ్లికొడుకు భాషికంతో డోరు మీంచి దూకాడంట!

బండిని షెడ్డులో పెట్టి చూశాను. ఖాళీగా ఉంటే డోరు బాగానే పడుతోంది. నలుగుర్ని కూర్చోబెట్టి చూస్తే, డోరు పై అంచు దగ్గర పావలా బిళ్ల పట్టాల్సిన సందులో కాగితం కూడా దూరడం లేదు. జాకీ తెచ్చి బండి మధ్యలో కింద పెట్టి కాస్త లేపితే టక్కున తెరుచుకుంది. అప్పుడు వెలిగింది నాకు. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. నేను కోసింది గొడుగు అనుకున్నాను, అది వెన్నుపూస. తర్వాత కింద ఇనప యాంగిళ్లు వెల్డింగ్ చేశాను, బరువు పెరిగిందే తప్ప బండి సరిగ్గా నిలవలేదు. డబ్బులు తిరిగిచ్చేశాను.

నమ్మకం లేకపోతే ఒక పూతరేకుల అట్టపెట్టె తీసుకో. మూత వేసి రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పు. తర్వాత మూత తీసి తిప్పి చూడు.

కంపెనీలు కన్వర్టిబుల్ చేసేటప్పుడు డోర్ల కింద పట్టీలు మందంగా వేస్తాయి, అడుగున అడ్డకమ్ములు కలుపుతాయి, ముందద్దం చట్రాన్ని గట్టి చేస్తాయి. అందుకే అదే కారు టాపు ఉన్నదాని కంటే టాపు లేనిదే మామూలుగా బరువు ఎక్కువ తూగుతుంది. 1989లో వచ్చిన మెర్సిడెస్ ఎస్‌ఎల్‌లో బండి బోల్తా కొట్టబోతే సీట్ల వెనక నుంచి ఒక కమ్మీ 0.3 సెకన్లలో పైకి లేస్తుంది. మీ నాలుగు రోజుల ఆయన అది పెట్టగలడేమో అడుగు.

ఇంకోటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి రూపం మార్చడం నేరం. అంత మోజుంటే 2020 అక్టోబర్ 2న వచ్చిన మహీంద్రా థార్‌లో కన్వర్టిబుల్ టాప్ రకం ఉంది, సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కో. దానికీ విడి ఛాసిస్సే, లోపల రోల్ కేజ్, అంటే బోల్తా పడితే మనుషుల్ని కాచే ఇనప పంజరం, కూడా ఉంటుంది. నాన్నగారి కారుని నాన్నగారి కారులాగే ఉంచు.

ప్రశ్న: బాబాయ్ గారూ, నమస్తే. అమెరికాలో హైవే 1 మీద మాంటెరీ వరకు వెళ్దామని మస్టాంగ్ కన్వర్టిబుల్ అద్దెకి తీసుకున్నాం. అరగంటకే జుట్టంతా మొహం మీద పడింది, వెనక కూర్చున్న అత్తయ్యకి చెవిపోటు. ముందుకి వెళ్తుంటే గాలి వెనక నుంచి ఎందుకు కొడుతుంది? అసలు ఇందులో ఏముందని ఇంతమంది పడిచస్తారు?
– శాన్ హోసే నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందద్దం మీంచి దాటిన గాలి నేరుగా పోదమ్మా. అద్దం వెనక ఒత్తిడి తగ్గిపోతుంది, ఆ ఖాళీని నింపడానికి గాలి సుడి తిరిగి సీట్ల వెనక నుంచి లోపలికి దూకుతుంది. నాలుగు అద్దాలూ పైకెత్తండి, సగం బాధ తగ్గుతుంది. అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, మీరు వెనక్కి వెళ్లండి! జుట్టు ముడేసుకోండి. చున్నీ మాత్రం గాల్లో వదలొద్దు. ఇసడోరా డంకన్ అనే పెద్ద నర్తకి 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో అలాగే పోయింది, మెడలోని పొడవాటి స్కార్ఫ్ కారు చక్రంలో పడి. బండి మీద వెనక కూర్చునే ఆడపిల్లలకి మనం రోజూ చెప్పే జాగ్రత్తే.

ఏముందని అడిగారు కదా. ఆ హెరాల్డ్‌ని, టాపు విప్పిన ఆదివారమే, తెల్లారగట్ల ట్రయల్ కోసమని కృష్ణ కరకట్ట మీద ముప్పై స్పీడులో తోలాను. చెట్టు కిందకి రాగానే మెడ మీద చల్లగా తగిలేది, దాటగానే వెచ్చన. కాలవ దగ్గర తడి మన్ను వాసన, కాస్త ముందుకెళ్తే పొయ్యి పొగ. పాలక్యాన్ల సైకిలాయన పక్కనే వస్తూ “టాపేదండీ?” అన్నాడు, “ఎండబెట్టాం” అన్నాను. మీరు అరవై డెబ్బై మైళ్ల స్పీడులో పోతే ఇవేవీ దొరకవు, చెవిపోటే దొరుకుతుంది.

మజ్డా ఎంఎక్స్-5 అని ఒక కన్వర్టిబుల్ ఉంది, 1989లో షికాగో ఆటో షోలో చూపించారు. ఇంజన్ 1.6 లీటర్లే, పెద్ద వేగమూ లేదు. అయినా 2016కల్లా పది లక్షల బండ్లు చేశారు. అంతకుముందు 1976లో కాడిలాక్ వాళ్లు తమ ఎల్డొరాడోని అమెరికాలో ఇదే ఆఖరి కన్వర్టిబుల్ అని చెప్పి అమ్మారు, జనం ఎగబడి కొన్నారు. ఆరేళ్లు తిరక్కుండానే క్రైస్లర్ కంపెనీ మళ్లీ టాపు మడిచే కారు తెచ్చింది. కొన్నవాళ్ల మొహాలు చూడాల్సింది.

ప్రశ్న: గుడ్డ టాపు మంచిదా, మడతపడే రేకు టాపు మంచిదా? మాది సముద్రం పక్కన.
– భీమిలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: గుడ్డదే. రేకు టాపు మడిచితే డిక్కీ మింగేస్తుంది, మోటార్లూ కీళ్లూ ఎక్కువ, ఉప్పుగాలికి ఏది ముందు పట్టేస్తుందో తెలీదు. ఆ మడతపడే రేకు టాపుని 1934లో పెజో కారుకి తెచ్చిన జార్జ్ పోలాఁ పళ్ల డాక్టరు. తర్వాత నాజీలకి ఎదురు నిలిచి 1942లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అలాంటివాడి పనితనాన్ని తక్కువ చేయను కానీ, మీ ఊరికి మాత్రం గుడ్డే.

తడిగా ఉన్నప్పుడు మడవకండి, బూజు పడుతుంది. టాపు అంచుల దగ్గర నీళ్లు పోయే బెజ్జాలుంటాయి, ఆకులు ఇరుక్కుంటే నీళ్లన్నీ కాళ్ల దగ్గరకే వస్తాయి. వానలకి ముందోసారి చీపురుపుల్లతో మెల్లగా పొడవండి. ఇనప తీగ పెట్టొద్దు, లోపలి గొట్టం చిల్లుపడుతుంది.